నల్లమల అంచు ఊరికి ఫైర్ ప్లాన్ ఎలా వేసుకోవాలి: డిసెంబర్ నుంచి జూలై దాకా వరుసగా

ఎండలు ముదిరితే చాలు అమ్రాబాద్, అచ్చంపేట, లింగాల వైపు నుంచి, అటు ఆత్మకూరు, దోర్నాల, యర్రగొండపాలెం వైపు నుంచి అందరూ అడిగేది ఒకటే: మా ఊరి పక్క అడవి ఏటా కాలుతోంది, ఊరి తరఫున మేమేం చేయొచ్చు, ఎక్కడ మొదలుపెట్టాలి అని. అందుకే మొదటి నుంచి చివరిదాకా వరుసగా రాస్తున్నా. కాస్త పొడుగే అయింది, ఓపిగ్గా చదవండి.

ముందే ఒక మాట. నల్లమలలో మంట అంటే ఎక్కువగా నేల మీద పాకే మంట. రాలిన టేకాకు, మద్దాకు, ఎండిన బోద గడ్డి కాలుకుంటూ పోతుంది, చెట్ల తలల మీద నుంచి దూకే రకం కాదు. కాబట్టి నలుగురు మనుషులు, నాలుగు పనిముట్లతో ఆపగలిగే మంటే, కానీ ఫిబ్రవరి లోపు పని చేసి పెట్టుకుంటేనే. ఏప్రిల్‌లో కొమ్మలు పట్టుకుని పరిగెత్తడం ఈ ప్లాన్‌లో చాలా చిన్న భాగం. ఇంకోటి, అడవిలోకి రోజూ పోయేవాళ్ళు లేకుండా వేసిన ప్లాన్ కాగితం మీదే ఉండిపోతుంది.

1. మీ ఊరి పక్కన ఉన్న అడవి ఏంటో తేల్చుకోండి

ఇది దాటేసి అందరూ నేరుగా ఫైర్ లైన్ల (మంట దాటకుండా తీసే పట్టీల) దగ్గరకి వెళ్ళిపోతారు. పక్కనున్నది టైగర్ రిజర్వ్ కోరా (గట్టి రక్షణ ఉండే లోపలి భాగం), బఫరా (దాని చుట్టూ ఉండే పట్టీ), మామూలు రిజర్వ్ ఫారెస్టా, లేక రెవెన్యూ భూమా అన్నదాన్ని బట్టి మీరు ఏం చేయొచ్చో, ఎవర్ని అడగాలో మారిపోతుంది.

అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ మొత్తం 2,611 చదరపు కిలోమీటర్లు, అందులో 2,166 కోర్, మిగతాది బఫర్. అంటే తెలంగాణ వైపు చాలా ఊర్లకి, పెంటలకి (చెంచుల గూడేలకి) పక్కన ఉన్నది కోరే. కృష్ణకి అవతల ఆంధ్ర వైపు ఉన్నది నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వ్. 2014లో రాష్ట్రం విడిపోయాక డిపార్ట్‌మెంట్లు కూడా రెండయ్యాయి, మంటకి మాత్రం ఆ లెక్క తెలియదు, కాబట్టి నది దగ్గరి ఊర్లు అవతలి ఫారెస్ట్ రేంజ్ ఆఫీసు ఫోన్ నంబర్ కూడా దగ్గర పెట్టుకోండి.

చట్టం సంగతి క్లుప్తంగా. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972, సెక్షన్ 30 ప్రకారం అభయారణ్యానికి ప్రమాదం వచ్చేలా నిప్పు పెట్టడం, రగిలించడం, ఆర్పకుండా వదిలేసి పోవడం మూడూ నేరమే. అదే చట్టం సెక్షన్ 27లో ఇంకో సంగతి ఉంది, చాలామందికి తెలీదు: అభయారణ్యం లోపల ఉండేవాళ్ళకి మంట గురించి తెలిస్తే దాన్ని ఆర్పడం, పక్కన ఎక్కడైనా రేగితే చేతనైనంతలో వ్యాపించకుండా చూడటం వాళ్ళ బాధ్యత. అంటే ఆర్పడానికి వెళ్ళిన పెంట మనిషిని "లోపల నీకేం పని" అని అడగడానికి లేదు.

రాసుకోవాల్సినవి:
- మీ బీట్, సెక్షన్, రేంజ్, డివిజన్ పేర్లు (అటవీ శాఖ అడవిని పంచుకున్న భాగాలు, చిన్నదాని నుంచి పెద్దదాకా)
- బీట్ ఆఫీసర్, సెక్షన్ ఆఫీసర్, రేంజ్ ఆఫీసర్ ఫోన్ నంబర్లు (ప్రతి జనవరిలో మళ్ళీ సరిచూసుకోండి, ట్రాన్స్‌ఫర్లు అవుతుంటాయి)
- దగ్గర్లో ఉన్న అటవీ శాఖ బేస్ క్యాంప్, అక్కడి వాచర్లు ఎవరు
- కోర్ గీత ఎక్కడ మొదలవుతుందో, నేల మీద గుర్తుపట్టగలిగే ఆనవాలు: వాగు, బండ, సరిహద్దు రాయి

2. డిసెంబర్‌లో కూర్చోండి, సరైన మనుషులతో

సర్పంచ్, సెక్రటరీ, ఇద్దరు పెద్దమనుషులు, ఒక ఫారెస్ట్ ఆఫీసర్ కూర్చుని ఫోటో దిగితే అది మీటింగ్ అవ్వదు. అడవిలో ఎప్పుడు ఎక్కడ ఎందుకు అగ్గి పడుతుందో తెలిసింది వీళ్ళకి కాదు. తెలిసినవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళని పేరు పెట్టి పిలవండి:

- పశువుల కాపర్లు, గొర్రెల మందలు తోలుకొచ్చేవాళ్ళు
- తునికాకు కోసేవాళ్ళు, కల్లందార్లు (ఆకు కల్లం నడిపేవాళ్ళు)
- ఇప్పపువ్వు ఏరే ఆడవాళ్ళు
- తేనె తీసే చెంచులు
- అడవి గట్టున చేలున్న రైతులు
- వన సంరక్షణ సమితి సభ్యులు, ఫైర్ వాచర్లు, ప్రొటెక్షన్ వాచర్లు
- యాత్ర దారిలో కొట్లు, అన్నదానాలు పెట్టేవాళ్ళు

మీటింగ్ పొద్దుగూకాక పెట్టండి, పగలు పెడితే కాపర్లు రారు. చెంచు పెంట ఉంటే వాళ్ళని ఊరికి రమ్మనే కంటే మీరే పెంటకి వెళ్ళడం మంచిది, అక్కడ కూర్చుంటే వాళ్ళు మాట్లాడతారు, పంచాయతీ ఆఫీసులో బల్ల ముందు నిలబెడితే తల ఊపి వెళ్ళిపోతారు.

మొదటి రూల్ కూడా మీటింగ్‌లోనే గట్టిగా చెప్పేయండి: పోయినేడాది ఎవరు అంటించారో ఇక్కడ అడగం, ఎక్కడ ఎందుకు అంటుకుందో మాత్రమే అడుగుతాం. ఈ మాట ఫారెస్ట్ వాళ్ళ చేత కూడా అందరి ముందు చెప్పించగలిగితే సగం పని అయినట్టే. లేకపోతే అందరూ "వెదుర్లు రాసుకుని పుట్టింది సార్" అని తప్పించుకుంటారు. మన దగ్గర అడవి మంటలు దాదాపుగా మనిషి చేతి నుంచి వచ్చేవే, కాబట్టి కారణాల పట్టీలో వెదురు రాపిడి రాయకండి.

3. మ్యాప్ గీయండి, నేల మీద ముందు, ఫోన్‌లో తర్వాత

రచ్చబండ దగ్గర నేల మీద ముగ్గుపిండితో ఊరు, వాగులు, దార్లు, గుట్టలు గీయండి. గూగుల్ మ్యాప్ ప్రొజెక్టర్ మీద చూపిస్తే చదువుకున్న కుర్రాళ్ళు తప్ప ఎవరూ నోరు విప్పరు. ముగ్గు మ్యాప్ అయితే ఒక ముసలాయన లేచి వచ్చి "ఈ వంక ఇక్కడ కాదు, ఇటు తిరుగుద్ది" అని కర్రతో చెరిపి గీస్తాడు, మీకు కావాల్సింది అదే.

మ్యాప్‌లో ఏమేం ఉండాలంటే, గత నాలుగైదేళ్ళలో కాలిన చోట్లు, మార్చి తర్వాత కూడా నీళ్ళుండే కుంటలు, చెలమలు, సాసర్ పిట్లు (జంతువులకి కట్టిన నీటి తొట్లు), బండి పోయే దారి, బైక్ మాత్రమే పోయే దారి, నడిచే దారి, బోద గడ్డి ఎత్తుగా పెరిగే చోట్లు, నిటారు గుట్టలు, ఫోన్ సిగ్నల్ దొరికే చోట్లు. ఈ చివరిది మర్చిపోకండి. నల్లమల లోపల చాలా చోట్ల సిగ్నలే ఉండదు, ఏ గుట్ట ఎక్కితే ఒక గీత వస్తుందో కాపర్లకే తెలుసు.

తర్వాత ఒక కుర్రాడు బీట్ ఆఫీసర్‌ని తోడు తీసుకుని ఆ చోట్లకి వెళ్ళి ఫోన్‌లో జీపీఎస్ పాయింట్లు నోట్ చేయాలి. కోర్‌లో అయితే పర్మిషన్ లేకుండా ఒక్కరే వెళ్ళొద్దు. పాయింట్లని పెద్ద కాగితం మీదకి ఎక్కించి మూడు కాపీలు తీయండి: పంచాయతీకి ఒకటి, రేంజ్ ఆఫీసుకి ఒకటి, ఫైర్ టీమ్ లీడర్ ఇంట్లో ఒకటి.

4. ఒక్కో కారణానికి ఒక్కో మందు

"నిప్పు పెట్టకండి" అని బోర్డు రాస్తే ఎవరూ ఆగరు. ఎందుకు పెడుతున్నారో ఆ అవసరం తీరే వేరే దారి చూపించాలి. ఈ భాగానికే ఎక్కువ టైమ్ ఇవ్వండి.

ఇప్పపువ్వు. పువ్వు తెల్లవారుజామున రాలుతుంది, ఆకుల్లో పడితే కనపడదు, అందుకే చెట్టు కింద ఆకు తగలబెడతారు, అది పక్కకి పాకుతుంది. పరిష్కారం తేలికే, చెట్టు చుట్టూ ఆకు ఊడ్చి పాత చీరలు గానీ వల గానీ పరవడం. పువ్వుకి మట్టి అంటదు, శుభ్రంగా ఉంటుంది, ఏరే శ్రమ కూడా తగ్గుతుంది. ఊళ్ళో ఎన్ని ఇప్ప చెట్ల కింద ఏరుతున్నారో లెక్కేసి ఆ మేరకు వలలు అడగండి, సమితి డబ్బుల్లోంచి కొన్నా పెద్ద ఖర్చేం కాదు.

తునికాకు. కాలితే లేత ఆకు బాగా వస్తుందని ఫిబ్రవరిలో అంటిస్తారు. ఆకు వచ్చే మాట నిజమే, కానీ మొక్క కొట్టేసినా అదే లేత ఆకు వస్తుంది, నెలన్నరలో కోతకి వస్తుంది. కాబట్టి కోత అనుమతి ఉన్న చోట కొట్టుడు పని టైముకి జరిగేలా, దానికి కూలి సరిగ్గా అందేలా చూడాలి. కూలి ఆలస్యమైన ఏడాదే అగ్గి ఎక్కువ పడుతుంది, ఇది ఏ తునికాకు ఊరిలో అడిగినా చెప్తారు.

మేత. కాలిన చోట నాలుగు చినుకులు పడితే పచ్చగడ్డి లేస్తుంది, కాపరికి అది కళ్ళ ముందు కనపడే లాభం, కాదనలేం. అయితే ఏటా కాలిన చోట చిన్న మొక్కలు బతకవు, తీపి గడ్డి తగ్గి ముతక గడ్డి మిగులుతుంది, పదేళ్ళ కిందటి మేత ఇప్పుడు లేదని కాపర్లే ఒప్పుకుంటారు. నవంబర్, డిసెంబర్‌లో గట్టు వెంట ఎండు గడ్డి కోసుకుపోవడానికి ఎక్కడ అనుమతి ఇస్తారో రేంజ్ ఆఫీసర్‌ని అడిగి రాయించుకోండి. గడ్డి ఇంటికి చేరుతుంది, కాలేది అక్కడ మిగలదు.

తేనె. ఈగల్ని తోలడానికి దివిటీ తప్పనిసరి అయినప్పుడు దాన్ని బండ మీదే ఆర్పాలి, నీళ్ళ క్యాన్ వెంట ఉండాలి, ఆర్పేదాకా చూడటానికి ఇంకో మనిషి ఉండాలి. ఇది చెంచులకి నేర్పడం కాదు, పెద్దవాళ్ళు ఇప్పటికే అలా చేస్తారు, కొత్తగా వెళ్ళే కుర్రాళ్ళకి వాళ్ళ చేతే చెప్పించండి.

చేలు. గట్టున ఉన్న చేలల్లో పత్తి కట్టె, కంది కట్టె, మొక్కజొన్న చొప్ప కాల్చడం వల్లే చాలా మంటలు లోపలికి పోతున్నాయి. కట్టెని ముక్కలు చేసి భూమిలో కలిపే మిషన్ ఊరికి రెండు రోజులు తెప్పించి గట్టు చేలకి ముందు తిప్పించండి. మొండికేసే రైతు ఉంటే కనీసం గట్టు వైపు దున్ని వదలాలి, ఆ పట్టీ లేకుండా నిప్పు ముట్టించనని మీటింగ్‌లో మాట తీసుకోండి.

కోపం. దీని గురించి ఎవరూ రాయరు. పశువుల్ని పట్టుకున్నారనో, కేసు పెట్టారనో, భూమి తగాదా వల్లనో కోపంతో అంటించేవాళ్ళు ఉంటారు. దీనికి ఫైర్ లైన్ పనికిరాదు. ఆ తగాదా ఏంటో రాసుకుని, ఫారెస్ట్ వాళ్ళతో, తహసీల్దార్‌తో మార్చి రాకముందే మాట్లాడించండి.

5. ఫైర్ లైన్లు: జనవరి పని, ఫిబ్రవరి పని

ఫైర్ లైన్ అంటే మంట దాటడానికి దాని దారిలో తినడానికేమీ లేకుండా చేసిన పట్టీ. అడవి లోపల లైన్లు ఎక్కడ, ఎంత వెడల్పు అన్నది ఫారెస్ట్ వాళ్ళ నిర్ణయం, సొంతంగా లోపల కొట్టడం, కాల్చడం మీకు కుదరదు. మీ చేతిలో ఉన్నది ఊరి గట్టు, చేల గట్టు, దారి పక్కలు, గుడి చుట్టూ, పెంట చుట్టూ.

వెడల్పుకి ఒక మోటు లెక్క చెప్తా, పక్కనున్న గడ్డి ఎత్తుకి కనీసం రెండు మూడింతలు ఉండాలి. నడుము ఎత్తు బోద ఉంటే మూడు మీటర్లు తక్కువ కాకూడదు, వాలు మీద, గాలి కొట్టే వైపు ఇంకా పెంచాలి.

పని వరుస:
1. జనవరిలో గడ్డి, పొదలు కోసి ఊరి వైపుకి లాగేయండి. అడవి వైపు కుప్ప పోస్తే మంటకి మేత పెట్టినట్టే.
2. ఫిబ్రవరి మొదట్లో పారతో, రేక్‌తో మట్టి కనపడేదాకా గీకండి.
3. పట్టీ మీద పడి ఉన్న ఎండు దుంగలు, వేర్లు తీసేయండి.
4. ఆకు రాలడం పూర్తయ్యాక, అంటే మార్చిలో, మళ్ళీ ఊడ్చండి. తర్వాత పది పదిహేను రోజులకోసారి.

నాలుగోది చేయని ఊర్లే ఎక్కువ. ఫిబ్రవరిలో అద్దంలా గీకిన లైన్ మీద మార్చి మూడో వారానికి టేకాకు ఒక్కొక్కటి విస్తరంత సైజువి పరుచుకుని ఉంటాయి, తొక్కితే అప్పడాల్లా నలుగుతాయి, దూరం నుంచి చూస్తే లైన్ ఎక్కడుందో కూడా తెలీదు. మంట వాటి మీద నుంచి నడిచి వచ్చేస్తుంది. డిపార్ట్‌మెంట్ దగ్గర ఆకు ఊదే బ్లోయర్లు ఉంటాయి, మీ లైన్ కూడా వాళ్ళ రౌండ్‌లో కలపమని ముందే అడగండి, బ్లోయర్‌తో ఒక మనిషి చేసేది చీపుర్లతో చాలామంది పని.

కంట్రోల్ బర్నింగ్, అంటే చలి ఉండగానే గడ్డిని కావాలని కొద్దికొద్దిగా కాల్చడం, ఫారెస్ట్ స్టాఫ్ మాత్రమే చేయాలి. మీరు మనుషుల్ని ఇవ్వండి, అగ్గిపెట్టె మాత్రం వాళ్ళ చేతిలోనే ఉండాలి.

6. టీమ్, సామాన్లు

పదిహేను ఇరవై మంది చాలు. వయసు 18 దాటి ఉండాలి, ఊపిరి జబ్బులు, గుండె జబ్బులు ఉన్నవాళ్ళు, మందు తాగి వచ్చినవాళ్ళు వద్దు. ఒక లీడర్, ఒక కాపలా మనిషి (మంటని, గాలిని చూడటమే అతని పని, పార పట్టడు), ఒక ఫోన్ మనిషి, మిగతావాళ్ళు లైన్ మీద.

సామాన్ల పట్టీ:
- పారలు, ఆకు లాగే రేక్‌లు, గొడ్డళ్ళు, కొడవళ్ళు
- కర్రకి పాత టైరు రబ్బరు ముక్కలు బిగించిన బీటర్లు
- వీపుకి తగిలించుకునే స్ప్రే పంపులు (పురుగుమందు కొట్టినవి అయితే వద్దు, ఆ ఆవిరి పీల్చాల్సి వస్తుంది)
- మనిషికి కనీసం మూడు లీటర్ల తాగే నీళ్ళు, ఓఆర్‌ఎస్
- విజిల్స్, హెడ్ టార్చ్‌లు
- కాటన్ పొడుగు చేతుల చొక్కా, కాటన్ ప్యాంటు, తోలు బూట్లు, తలకి తువ్వాలు
- ఫస్ట్ ఎయిడ్ డబ్బా

నైలాన్, పాలిస్టర్ బట్టలు వేడికి కరిగి ఒంటికి అంటుకుంటాయి, జెర్సీలు, ట్రాక్ ప్యాంట్లు ఇంట్లో పెట్టి రావాలి. ప్లాస్టిక్ చెప్పులతో వచ్చినవాడిని ఎంత ఉత్సాహం ఉన్నా వెనక్కి పంపండి, నీళ్ళు మోసే పని ఇవ్వండి. ముఖానికి తువ్వాలు తడిపి కట్టుకుంటారు చాలామంది, అది కూడా తప్పే, వేడికి తడి ఆవిరై గొంతు కాలుతుంది, పొడి కాటన్ గుడ్డే కట్టాలి.

7. అలర్ట్‌లు: శాటిలైట్‌ని వాడండి, నమ్ముకుని కూర్చోకండి

ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళు శాటిలైట్ మంట అలర్ట్‌లు ఫోన్‌కి పంపిస్తారు, మామూలు జనం కూడా రిజిస్టర్ అవ్వొచ్చు. వాళ్ళ వన్ అగ్ని పోర్టల్‌లో మ్యాప్ మీద చూడొచ్చు. నాసా వాళ్ళ ఫర్మ్స్ అనే మంటల మ్యాప్ సైట్ కూడా ఫ్రీనే, మీ ప్రాంతం గీసి పెడితే మెయిల్ వస్తుంది. ఊళ్ళో ఇద్దరు కుర్రాళ్ళకి ఈ పని అప్పగించండి.

కానీ మూడు సంగతులు తెలుసుకోండి. ఒకటి, మ్యాప్ మీద వీర్స్ అనే శాటిలైట్ సెన్సార్ చూపే చుక్క 375 మీటర్ల గడి, మోడిస్ అనే ఇంకో సెన్సార్‌ది అయితే కిలోమీటర్ గడి, కాబట్టి చుక్క ఉన్న చోటే మంట ఉంటుందని కాదు. రెండు, వీర్స్ ఉన్న శాటిలైట్లు మన మీద నుంచి ఇంచుమించు మధ్యాహ్నం ఒకటిన్నరకి, రాత్రి ఒకటిన్నరకి పోతాయి, సాయంత్రం నాలుగింటికి అంటుకున్నది అర్ధరాత్రి దాటాకే వాటి కంట పడుతుంది, ఆ తర్వాత అలర్ట్ రావడానికి ఇంకొంత టైమ్. మూడు, చేలో కాల్చిన చొప్ప కూడా చుక్కగానే వస్తుంది, చిన్న మంట గుబురు చెట్ల కింద అసలు రాదు.

అందుకని ఫిబ్రవరి 15 నుంచి మే చివరిదాకా మధ్యాహ్నం పూట ఎత్తైన చోట ఒక మనిషిని కూర్చోబెట్టడం మానొద్దు. పొగ కనపడగానే ఏ గుట్ట వెనక, ఏ దిక్కు, పొగ నిటారుగా ఉందా వాలి ఉందా చెప్పాలి. వాలి ఉంటే గాలి ఉంది, తొందర ఎక్కువ.

8. యాత్రల రోజులకి వేరే ప్లాన్

శివరాత్రి, ఉగాది, చైత్ర పౌర్ణమి మూడూ ఫైర్ సీజన్లోనే వస్తాయి. శివరాత్రికి ఆత్మకూరు వైపు నుంచి నాగలూటి, పెచ్చెరువు మీదుగా నడిచి వెళ్ళేవాళ్ళు, ఉగాదికి కర్ణాటక నుంచి అదే అడవి దాటి శ్రీశైలం చేరే భక్తులు, చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లోయ గుడికి దిగేవాళ్ళు, వీళ్ళెవరినీ ఆపే ఉద్దేశం ఎవరికీ లేదు, ఆపకూడదు కూడా. వంట పొయ్యిలు, బీడీలు, హారతి కర్పూరం, ప్లాస్టిక్ చెత్త, రాత్రి చలిమంటలు, వీటిని మాత్రం పద్ధతిలో పెట్టాలి.

- యాత్రకి వారం ముందు దారికి రెండు వైపులా ఆకు ఊడ్చి పట్టీ తీయండి
- వంటకి నీళ్ళ పక్కన, ఆకు లేని చోట గుర్తు పెట్టి కేటాయించండి, అక్కడ నీళ్ళ డ్రమ్ము, ఇసుక
- అన్నదానం వాళ్ళతో ముందే మాట్లాడి వండుకొచ్చిన భోజనమే పెట్టేలా ఒప్పించండి
- కన్నడలో కూడా బోర్డులు రాయించండి, ఉగాదికి వచ్చేవాళ్ళలో చాలామందికి తెలుగు చదవడం రాదు
- జనం వెళ్ళిపోయాక అదే సాయంత్రం, మళ్ళీ మర్నాడు పొద్దున దారంతా నడిచి పొయ్యిలు చూడండి

2014 మార్చిలో తిరుమల శేషాచలం కొండల్లో మంటలు రేగినప్పుడు ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. మన పెంటకి, మన గుట్టకి హెలికాప్టర్ వస్తుందని ప్లాన్‌లో రాసుకోలేం కదా.

9. మంట రేగిన రోజు

ఈ వరుస తప్పొద్దు:

1. ముందు ఫోన్. బీట్ ఆఫీసర్‌కి, ఎత్తకపోతే రేంజ్ ఆఫీసర్‌కి, ఊరికి దగ్గరైతే 101కి, ఎవరైనా చిక్కుకుంటే 112కి. సిగ్నల్ లేకపోతే బైక్ మీద ఒకర్ని మ్యాప్‌లో గుర్తు పెట్టిన చోటికి పంపండి.
2. ఎవరెవరు వెళ్తున్నారో పేర్లు రాసి ఊళ్ళో ఒకరి దగ్గర పెట్టండి. తిరిగొచ్చాక ఆ పట్టీతో లెక్క చూడాలి.
3. దగ్గరికి వెళ్ళి ఐదు నిమిషాలు ఊరికే చూడండి. గాలి ఎటు, వాలు ఎటు, ముందు ఏముంది, తప్పించుకునే దారి ఏది.
4. తప్పించుకునే దారి అందరికీ చూపించి విజిల్ గుర్తు చెప్పండి. మూడు విజిల్స్ అంటే పని వదిలేసి వెనక్కి.
5. మంట వెనక నుంచో, పక్కల నుంచో మొదలుపెట్టండి, దారి, వాగు, కాలిపోయిన నేల లాంటి గట్టి చోటు ఆనుకుని. మంట మొహానికి ఎదురు నిలబడొద్దు.
6. అడుగు ఎత్తు మంటని బీటర్‌తో, పచ్చి కొమ్మతో అణచండి. కొట్టడం కాదు, వేసి అదిమి కాలిన వైపుకి లాగాలి. పైకెత్తి బాదితే నిప్పురవ్వలు ఇంకా కాలని వైపు ఎగురుతాయి.
7. నడుము ఎత్తు దాటితే దగ్గరికి వెళ్ళొద్దు. దూరం తీసుకుని ముందు పట్టీ గీకడం లేదా స్టాఫ్ వచ్చేదాకా ఆగడం.

వాలు గురించి ఇంకొంచెం. వాలు పది డిగ్రీలు పెరిగితే పైకి ఎక్కే మంట వేగం దాదాపు రెట్టింపవుతుంది. గుట్ట కింద మంట ఉండగా పైన నిలబడటం కంటే పెద్ద ప్రమాదం ఇంకోటి లేదు. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కి వెళ్ళినవాళ్ళు అలాగే వాలు మీద మంటల్లో చిక్కుకుని 20 మందికి పైగా పోయారు. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్ బిన్సర్ అభయారణ్యంలో మంట ఆర్పడానికి వెళ్ళిన అటవీ సిబ్బందే చనిపోయారు, అది వాళ్ళ రోజూ పని, అయినా. కాబట్టి వెనక్కి రమ్మన్న లీడర్ మాట మీద వాదన ఉండకూడదు.

మంట చుట్టుముట్టినట్టు అనిపిస్తే పైకి పరిగెత్తకండి, వీలున్న చోట నుంచి పూర్తిగా కాలిపోయిన నల్ల నేల మీదకి వెళ్ళండి. జంతువులు పారిపోయే దారి వదలండి, ముఖ్యంగా ఎలుగుబంటి, పాములు. ఎదురు మంట పెడదాం అని ఎవడైనా అగ్గిపెట్టె తీస్తే లాక్కోండి, అది స్టాఫ్ పని.

ఒళ్ళు కాలితే ఇరవై నిమిషాలు మామూలు నీళ్ళు పోస్తూనే ఉండాలి. పేస్టు, సిరా, నూనె రాయొద్దు. 108.

10. ఆర్పాక అసలు పని

మంట కనపడకుండా పోగానే అందరూ ఇంటికి బయల్దేరతారు, మర్నాడు మధ్యాహ్నం అదే చోట మళ్ళీ లేస్తుంది. మొద్దులు, తొర్రలు, వేర్లు లోపల రగులుతూనే ఉంటాయి.

అంచు నుంచి లోపలికి ఇరవై ముప్పై అడుగుల దాకా ప్రతి మొద్దు దగ్గరా ఆగండి. బూడిద తెల్లగా, మెత్తగా ఉండి పైన గాలి సన్నగా వణుకుతుంటే కింద నిప్పుంది. చెయ్యి వెనక వైపు దగ్గరగా పెట్టి చూడండి, తాకకుండా, అరచేతి కంటే అది వేడిని తొందరగా పడుతుంది. వేడి ఉంటే గొడ్డలితో చీల్చి, మట్టి కలిపి, నీళ్ళు పోసి, తిప్పి, మళ్ళీ చూడండి. నీళ్ళు లేకపోతే మట్టితో కలిపి గీకండి, ఊరికే మట్టి కప్పి వదిలేస్తే లోపల ఇంకా రోజంతా రగులుతుంది. వాలు మీద కాలుతున్న దుంగ దొర్లకుండా అడ్డంగా తిప్పి గుంట తీసి ఆపండి. నిలబడి కాలుతున్న ఎండు చెట్టు కింద ఎవరూ నిలబడొద్దు.

మర్నాడు పదకొండు గంటలకి, ఎండ ఎక్కే టైముకి, ఇద్దరు మళ్ళీ వెళ్ళి చూడాలి. ఆ ఇద్దరి పేర్లు ముందు రోజే తేల్చండి.

11. కాగితం పని: ఇదే వచ్చే ఏడాదికి బలం

ఇదంతా మాటల్లో ఉంటే లీడర్ మారగానే పోతుంది. గ్రామసభలో పెట్టి తీర్మానం చేయించండి. 2022లో సవరించిన వన్యప్రాణి చట్టం సెక్షన్ 33 ప్రకారం, షెడ్యూల్డ్ ఏరియాలో (గిరిజన ప్రాంతంగా ప్రకటించిన చోట) గానీ అటవీ హక్కుల చట్టం వర్తించే చోట గానీ ఉన్న అభయారణ్యాల మేనేజ్‌మెంట్ ప్లాన్ సంబంధిత గ్రామసభని సంప్రదించాకే తయారవ్వాలి. అంటే మీ ఫైర్ మ్యాప్, మీ మేత డిమాండ్, మీ ఇప్ప వలల లెక్క ఆ ప్లాన్‌లోకి వెళ్ళడానికి దారి ఉంది, కాకపోతే అడగాలి. అమ్రాబాద్ వైపు కొన్ని ఊర్లు షెడ్యూల్డ్ ఏరియాలోనే ఉన్నాయి, వాళ్ళు అసలు వదలకూడదు.

తీర్మానంలో ఉండాల్సినవి:
- మ్యాప్, టీమ్ పేర్లు, లైన్ల పొడవు, ఎప్పుడెప్పుడు ఊడ్చాలో తేదీలు
- డిపార్ట్‌మెంట్ నుంచి ఏం కావాలో స్పష్టంగా: ఎంతమంది ఫైర్ వాచర్లు, ఎన్ని బీటర్లు, బ్లోయర్ ఎన్ని రోజులు
- వాచర్ల కూలి ఏ తేదీ లోపు ఇవ్వాలి
- ఆర్పడానికి వెళ్ళినవాళ్ళకి దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు ఎవరు భరించాలి

డబ్బు సంగతికి, కేంద్రం ఫారెస్ట్ ఫైర్ ప్రివెన్షన్ అండ్ మేనేజ్‌మెంట్ స్కీమ్ ఉంది, మన రాష్ట్రాలకి కేంద్రం 60, రాష్ట్రం 40 వాటా. అది డిపార్ట్‌మెంట్ ద్వారానే వస్తుంది, మీ తీర్మానం డీఎఫ్‌ఓ (రేంజ్ ఆఫీసర్‌కి పైన ఉండే అటవీ అధికారి) దగ్గరికి డిసెంబర్, జనవరిలో చేరితేనే ఆ సీజన్ పనుల్లో కలపమని అడగగలరు. రశీదు తీసుకోండి, నోటి మాట చాలదు.

12. మళ్ళీ మళ్ళీ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

లైన్ పూర్తి కాకుండా మధ్యలో వదిలేయడం. రెండు చివర్లూ దారికో, వాగుకో, బండకో తగిలి ఉండాలి, లేకపోతే మంట పక్క నుంచి తిరిగి వస్తుంది.

వాట్సాప్ గ్రూప్ పెట్టి ప్లాన్ అయిపోయిందనుకోవడం. సిగ్నల్ లేని చోట గ్రూప్ పనిచేయదు, దండోరా, మైకు, విజిల్ కూడా ప్లాన్‌లో ఉండాలి.

వాచర్లని మార్చి చివర్లో పెట్టుకోవడం. అప్పటికే సగం సీజన్ అయిపోయి ఉంటుంది, ఫిబ్రవరి మొదటి వారానికి మనిషి అక్కడ ఉండాలి.

అంటించాడని అనుమానం ఉన్నవాడిని ఊరంతా కొట్టడం, పట్టించడం. వచ్చే ఏడు అతను మీటింగ్‌కి రాడు, అతని వెనక ఉన్న పదిమందీ రారు. అదే మనిషిని గట్టు కాపలాకి కూలి ఇచ్చి పెట్టుకున్న చోట ఫలితం బాగుంటుంది.

ఆడవాళ్ళని పిలవకపోవడం. ఇప్పపువ్వు, తునికాకు, కట్టెలు, మూడూ ఎక్కువగా వాళ్ళ చేతిలోనే ఉన్నాయి.

వానలు పడగానే జూలైలో ఒక్క సాయంత్రం కూర్చుని ఈ ఏడు కాలిన చోట్లు మ్యాప్‌లో వేరే రంగుతో వేయండి, మంట ఏ లైన్ దగ్గర ఆగింది, ఏ లైన్‌ని దాటింది, విరిగిన బీటర్లు ఎన్ని, కూలి రానివాళ్ళు ఎవరు రాసి ఒక కాపీ రేంజ్ ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకోండి. డిసెంబర్ మీటింగ్ తేదీ కూడా అదే కాగితం మీద రాసేయండి.